క్వార్టర్ బ్యాక్ బేరం: ముందుగా కొంటే లాభమా, గండమా?

2021 మార్చిలో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో ఫుట్‌బాల్ జట్టు మయామీ జట్టుతో ఒక బేరం కుదుర్చుకున్నది. తన చేతిలోని 12వ నంబరు హక్కు ఇచ్చి 3వ నంబరు హక్కు తీసుకున్నది. తేడా కింద 2022, 2023 సంవత్సరాల మొదటి రౌండు హక్కులు రెండూ, 2022 మూడవ రౌండు హక్కు ఒకటీ రాసి ఇచ్చింది. అలా సంపాదించిన హక్కుతో ఆ ఏప్రిల్‌లో ట్రే లాన్స్ అనే కుర్రవాణ్ణి తెచ్చుకున్నది. ఆట మొదటి నుంచీ బంతి అతని చేతికిచ్చి దింపిన మ్యాచీలు మొత్తం నాలుగు. 2023 ఆగస్టులో అతణ్ణి డల్లాస్ జట్టుకు వదులుకున్నప్పుడు చేతికి వచ్చింది ఒక్క నాలుగవ రౌండు హక్కు. సరుకుల బజారులో ఇంతకు తక్కువ దెబ్బకే దివాళా తీసిన కొట్లు మనకు తెలుసు. శాన్ ఫ్రాన్సిస్కో మాత్రం మరుసటి ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఫైనలు ఆడింది. ఆ జట్టును అక్కడిదాకా తీసుకుపోయిన కుర్రవాడు 2022 డ్రాఫ్టులో అందరికంటే ఆఖరున, 262వ నంబరున దొరికిన బ్రాక్ పర్డీ.

ఆటల పేజీలో రావలసిన సంగతి ఈ పేజీకి ఎందుకెక్కిందని పాఠకులు అడగవచ్చు. ఈ బేరంలో చేతులు మారేది డబ్బు కాదు, రాబోయే సంవత్సరాల కొనుగోలు హక్కు. దానికి బజారు ధర ఉన్నది, వాయిదా ఉన్నది, వడ్డీ ఉన్నది, మచ్చు చూసి సరుకు అంచనా వేసే నిపుణులున్నారు. ఇన్ని ఉండి కూడా, అన్నిటికంటే ఖరీదైన సరుకు విషయంలోనే కొనుగోలుదారులు పదే పదే బోల్తా పడుతున్నారు. ఎందువల్ల అన్నది వర్తకులకు ఆసక్తి కలిగించే ప్రశ్నే.

బేరం పద్ధతి

అమెరికా ఫుట్‌బాల్‌లో క్వార్టర్ బ్యాక్ అనేవాడు పదకొండుగురిలో ఒకడే అయినా, తమ జట్టు దాడిలో ఉన్నప్పుడు దాదాపు ప్రతి ఎత్తులోనూ బంతి ముందుగా అతని చేతికే వస్తుంది. ఎవరికి విసరాలి, ఎవరికి అందించాలి అన్నది రెండు మూడు సెకన్లలో అతడు తేల్చుకోవాలి. మంచివాడు దొరికితే పదిహేనేళ్ళు జట్టుకు తిరుగుండదు. దొరక్కపోతే మిగిలిన పదిమంది ఎంత గట్టివాళ్ళయినా ఒరిగేది తక్కువ.

కాలేజీల నుంచి వచ్చే కుర్రవాళ్ళను జట్లు పంచుకునే ఏర్పాటుకు డ్రాఫ్టు అని పేరు. ఇది మొదటిసారి 1936 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో జరిగింది. ప్రస్తుతం 32 జట్లు, ఏడు రౌండులు. క్రిందటి సీజనులో అందరికంటే అధ్వాన్నంగా ఆడినవాడికి మొదటి హక్కు, గెలిచినవాడికి ప్రతి రౌండులోనూ ఆఖరు హక్కు. బలహీనుణ్ణి నిలబెట్టాలన్నది ఉద్దేశ్యం. హక్కులను జట్లు ఒకరికొకరు మార్చుకోవచ్చు. అక్కడే వర్తకం మొదలయింది.

1990ల ఆరంభంలో డల్లాస్ జట్టు ఈ హక్కులకు ఒక ధరల పట్టీ తయారు చేసుకున్నది. మొదటి హక్కు 3000 పాయింట్లు, రెండవది 2600, మూడవది 2200, పన్నెండవది 1200, పదహారవది 1000, మొదటి రౌండులో ఆఖరుదైన 32వది 590. కొద్ది కాలంలోనే ఈ పట్టీ లీగంతటా పాకి, బేరసారాలకు అదే మార్కెట్ రేటయి కూర్చున్నది. ఆటగాళ్ళు తరువాత ఎంత రాణించారన్నది చూసి కట్టిన రేటు కాదిది. అప్పటిదాకా జట్లు ఎంతెంతకు మార్చుకున్నాయో చూసి కట్టినది. అంటే నిన్నటి బేరం రేటే నేటి బేరానికి ఆధారం. ఈ రకం రేట్లు ఎంతగా ఊగుతాయో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ పట్టీ ప్రకారమే లెక్క కడితే శాన్ ఫ్రాన్సిస్కో 1200 ఇచ్చి 2200 తీసుకున్నది. తేడా 1000, అంటే సరిగ్గా ఒక 16వ నంబరు హక్కు. దానికి బదులు రెండు మొదటి రౌండు హక్కులు, పైన ఇంకొకటి ముట్టజెప్పింది. క్వార్టర్ బ్యాక్ అనేసరికి పట్టీ పక్కకు పోతుంది.

షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ థేలర్ (2017లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందినవారు), పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన కేడ్ మాసీ ఈ బజారును పరిశీలించి 2013లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. పై వరుస హక్కులకు జట్లు ఇవ్వవలసినదానికన్నా ఎక్కువ ఇస్తున్నాయని వారు తేల్చారు. ఒకే స్థానానికి వరసగా ఎంపికైన ఇద్దరు ఆటగాళ్ళలో ముందు ఎంపికైనవాడే మెరుగని తేలే అవకాశం నూటికి 52 పాళ్ళేనట. నాణెం ఎగరేసి చూసుకోవడానికీ దీనికీ తేడా రెండు పాళ్ళు. ఆ రెండు పాళ్ళ కోసమే మెట్టు మెట్టుకూ వందల పాయింట్లు ధారపోయడం.

వాయిదా చీటీ మీద సంతకం

ఈ బజారులో మరొక విచిత్రం వడ్డీ. ఈ ఏడు రెండవ రౌండు హక్కు కావలసినవాడు వచ్చే ఏడు మొదటి రౌండు హక్కు ఇవ్వడం ఆనవాయితీ. లెక్క కడితే ఏడాదికి నూటికి నూరు దాటిన వడ్డీ అని ఆ పరిశోధకులు చూపించారు. ఏ మార్వాడీ కొట్లోనూ ఇంత వడ్డీ విని ఎరుగం. అయినా తీసుకునేవాళ్ళున్నారు. కారణం కష్టమైనది కాదు. ఈ ఏడు గెలవకపోతే మేనేజరు ఉద్యోగం ఈ ఏడే పోతుంది. వచ్చే ఏటి అప్పు తీర్చవలసినవాడు అతని కుర్చీలోకి వచ్చే మరొకడు.

వడ్డీ కంటే పెద్ద గండం ఇంకొకటి ఉన్నది. నా దృష్టిలో ముందుగా క్వార్టర్ బ్యాక్‌ను కొనడంలో అసలు ప్రమాదం ఇదే. వచ్చే ఏటి హక్కు రాసి ఇచ్చేవాడికి దాని నంబరు తెలియదు. అది తన జట్టు ఎలా ఆడుతుందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. కొన్న కుర్రవాడు బాగా ఆడితే జట్టు గెలుస్తుంది, ఇచ్చిన హక్కు రౌండు చివరకు జారి చవకదవుతుంది. వాడు విఫలమైతే జట్టు ఓడుతుంది, ఇచ్చిన హక్కు పైకెక్కి అత్యంత ఖరీదైనదవుతుంది. సరుకు పుచ్చిపోయిన సంవత్సరమే బాకీ రెట్టింపవుతుందన్నమాట. ఒక దెబ్బకు రెండో దెబ్బ కాపు కాయదు సరికదా, తోడు వస్తుంది.

వాషింగ్టన్ జట్టు చూడండి. 2012లో 6వ నంబరు నుంచి 2వ నంబరుకు ఎక్కడానికి ఆ ఏటి రెండవ రౌండు హక్కుతో పాటు 2013, 2014 మొదటి రౌండు హక్కులు అప్పటి సెయింట్ లూయిస్ జట్టుకు ఇచ్చి రాబర్ట్ గ్రిఫిన్‌ను తెచ్చుకున్నది. మొదటి సీజను బ్రహ్మాండంగా సాగింది. ఆ సంవత్సరపు ఉత్తమ కొత్త ఆటగాడు అతడే. జట్టు గెలిచినందువల్ల 2013లో చెల్లించవలసిన హక్కు 22వ నంబరుకు జారింది. బేరం చవకన్నారు. 2013 జనవరి ప్లేఆఫ్‌లో గ్రిఫిన్ మోకాలు దెబ్బతిన్నది. ఆ తరువాత మునుపటి ఆట కనిపించలేదు. 2013 సీజను మునిగింది. 2014లో చెల్లించిన హక్కు 2వ నంబరు. మొదట కొన్నది ఏ నంబరో, రెండేళ్ళకు తిరిగి ఇచ్చింది అదే నంబరు.

కరోలినా కథ ఇంకా దారుణం. 2023లో షికాగో జట్టు చేతిలోని మొదటి హక్కు కోసం 9వ నంబరు, 61వ నంబరు హక్కులు, 2024 మొదటి రౌండు హక్కు, 2025 రెండవ రౌండు హక్కు, ఇవి చాలవన్నట్లు డి.జె. మూర్ అనే మంచి రిసీవరును కూడా ఇచ్చివేసింది. కొన్నది బ్రైస్ యంగ్‌ను. ఆ సీజనులో 17 మ్యాచీలకు జట్టు గెలిచినవి రెండు. నవంబరులోనే కోచ్ ఉద్యోగం ఊడింది. లీగులో అందరికంటే అట్టడుగున నిలిచినందువల్ల 2024లో రావలసిన మొదటి నంబరు హక్కు కరోలినాది. కాని అప్పటికే రాసి ఇచ్చినందువల్ల అది షికాగోకు పోయింది. షికాగో దానితో కేలబ్ విలియమ్స్ అనే క్వార్టర్ బ్యాక్‌ను తెచ్చుకున్నది. కుర్రవాడి చేతికి బంతి అందించి నిలబెట్టవలసిన మూర్‌నే బేరంలో తూకం సరిపెట్టడానికి వాడుకున్న తరువాత, తప్పంతా కుర్రవాడిదే అనడం సబబు కాదు.

శాన్ ఫ్రాన్సిస్కోకు మాత్రం ఈ గండం తప్పింది. లాన్స్ లేకుండానే జట్టు గెలుస్తూ వచ్చింది గనుక, ఇచ్చిన రెండు హక్కులూ 29వ నంబరుకు జారాయి. పట్టీ ప్రకారం ఒక్కొక్కటి 640 పాయింట్లు. నష్టాన్ని కొంత మేర కడిగింది కొన్న సరుకు కాదు, గిడ్డంగిలో ముందునుంచీ ఉన్న నిలవ.

మచ్చు చూసి కొనడం

సరుకు నాణ్యం తెలియకనే ఇదంతా జరుగుతున్నదా అంటే, తెలుసుకోవడానికి పడే పాట్లు తక్కువేమీ కావు. ఏటా ఇండియనాపొలిస్‌లో కుర్రవాళ్ళందరినీ చేర్చి పరుగు, ఎత్తు, అరచేతి కొలత, మోకాళ్ళు, మాటతీరు అన్నీ పరీక్షిస్తారు. అయితే కొలతకు అందేది గింజ సైజు. లోపలి పప్పు సంగతి వేరు. మీదికి నలుగురు దూసుకొస్తుండగా ఎవడు నిబ్బరంగా నిలబడతాడన్నది టేపుతో తేలదు.

మచ్చు చిన్నదైతే ప్రమాదం పెద్దది. లాన్స్ కాలేజీలో నిండుగా ఆడినది ఒక్క 2019 సీజనే. 2017లో షికాగో తీసుకున్న మిచెల్ ట్రుబిస్కీ కాలేజీలో మొదటి నుంచి దిగిన మ్యాచీలు 13. 2023లో ఇండియనాపొలిస్ 4వ నంబరున తీసుకున్న ఆంథొనీ రిచర్డ్‌సన్‌వీ 13. మరోవైపు 2024లో డెన్వర్ 12వ నంబరున తీసుకున్న బో నిక్స్ కాలేజీలో 61 మ్యాచీలు ఆడి వచ్చాడు. 2015 సీజను తరువాత ప్లేఆఫ్ మొహం చూడని డెన్వర్‌ను తొలి ఏడే అక్కడికి చేర్చాడు. అలాగని ఇది శాసనం కాదు. 2011లో మొదటి నంబరున వచ్చిన క్యామ్ న్యూటన్ పెద్ద కాలేజీ జట్టులో నిండుగా ఆడినది ఒక్క ఏడే. 2015లో లీగు ఉత్తమ ఆటగాడయ్యాడు.

కొన్న తరువాత సరుకును ఎక్కడ ఉంచారన్నది కూడా లెక్కలోకి రావాలి. 2002లో హ్యూస్టన్‌లో కొత్తగా వెలసిన జట్టు మొదటి హక్కుతో డేవిడ్ కార్‌ను తెచ్చి, ముందు నిలబడి కాచేవాళ్ళు లేని వరుస వెనుక నిలబెట్టింది. ఒక్క సీజనులో 76 సార్లు అతణ్ణి ప్రత్యర్థులు బంతితో సహా నేల కరిపించారు. అది లీగు రికార్డు. కారుతున్న గిడ్డంగిలో వేసి, సరుకు నెమ్ము పట్టిందని వాపోతే ఏం లాభం? దీనికి భిన్నంగా కాన్సాస్ సిటీ 2017లో 27వ నంబరు నుంచి 10వ నంబరుకు ఎక్కి పాట్రిక్ మహోమ్స్‌ను తీసుకుని, అలెక్స్ స్మిత్ అనే అనుభవజ్ఞుడి వెనుక ఏడాది కూర్చోబెట్టింది. ఆ సీజనులో అతనికి ఇచ్చినది ఒక్క మ్యాచి. గ్రీన్ బే జట్టు ఏరన్ రాడ్జర్స్‌ను మూడేళ్ళు, తరువాత రాడ్జర్స్ వెనుక జోర్డన్ లవ్‌ను మూడేళ్ళు మాగబెట్టింది. గెలుస్తున్న జట్లకే ఈ ఓపిక చెల్లుతుంది. ఓడిపోయి మొదటి హక్కు సంపాదించుకున్న జట్టుకు ఓపిక పట్టే స్తోమతే ఉండదు. కుర్రవాళ్ళకు ఎదురయ్యే మొదటి దురదృష్టం ఇదే. అందరికంటే మేలిరకం సరుకు అందరికంటే శిథిలమైన గిడ్డంగికి చేరేటట్లు ఏర్పాటే అలా ఉన్నది.

మొత్తం మీద ఎందరు నిలిచారు? 2011 నుంచి 2020 వరకు పది డ్రాఫ్టులలో మొదటి రౌండులో ఎంపికైన క్వార్టర్ బ్యాకులు 32 మంది. 2024 సీజను ముగిసేనాటికి తమను ఎంచుకున్న జట్టులోనే కొనసాగుతున్నవారు ఎనిమిదిమంది. 2025 ఫిబ్రవరి నాటికి తనను ఎంచుకున్న జట్టుకు సూపర్ బౌల్ గెలిచిపెట్టినవాడు వారిలో ఒక్కడు, మహోమ్స్. అతడు మూడుసార్లు గెలిచాడు. అదే కాలంలో మూడవ రౌండులో 75వ నంబరున దొరికిన రస్సెల్ విల్సన్ సియాటిల్‌కు, 2020లో రెండవ రౌండులో 53వ నంబరున దొరికిన జేలన్ హర్ట్స్ ఫిలడెల్ఫియాకు కప్పు తెచ్చిపెట్టారు. 2000లో 199వ నంబరున దొరికి ఏడుసార్లు గెలిచిన టామ్ బ్రేడీ సంగతి అందరూ చెప్పేదే. అయితే ఆ ఒక్కణ్ణి చూపించి అందరూ ఆఖరుదాకా ఆగాలనడం, లాటరీ కొట్టినవాణ్ణి చూసి దుకాణం మూసుకోవడం వంటిది. అతనికి ముందూ వెనుకా చివరి రౌండ్లలో ఎంపికై పేరు కూడా మిగలనివారే ఎక్కువ.

కొననివాడి ఖర్చు

ఇంత గండమైతే కొనకుండా ఉండవచ్చు కదా? క్లీవ్‌లాండ్ జట్టు ఆ పని కూడా చేసి చూసింది. 2016లో చేతిలోని 2వ నంబరును ఫిలడెల్ఫియాకు, 2017లో 12వ నంబరును హ్యూస్టన్‌కు ఇచ్చివేసి, బదులుగా కావలసినన్ని హక్కులు పోగేసుకున్నది. కొన్న ఆ రెండు జట్లూ కార్సన్ వెంట్జ్‌ను, డెషాన్ వాట్సన్‌ను తీసుకున్నాయి. నిలవలు నిండుగా ఉన్న క్లీవ్‌లాండ్ 2017 సీజనులో 16 మ్యాచీలకు 16 ఓడిపోయింది. ఆఖరుకు 2022లో అదే వాట్సన్‌ను పండిన సరుకుగా కొన్నది. ఈసారి ఖర్చు మూడు మొదటి రౌండు హక్కులు, మరికొన్ని కింది హక్కులు, ఆపైన పూర్తి హామీతో 23 కోట్ల డాలర్ల జీతం. నిషేధాల వల్ల, గాయాల వల్ల మూడు సీజన్లలో కలిపి అతడు ఆడినవి 19 మ్యాచీలు. పచ్చి సరుకులో గండమున్నదని పండినదాన్ని కొన్నంత మాత్రాన గండం తప్పదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

పచ్చి సరుకు కొనేవాళ్ళ వైపు ఒక బలమైన వాదన ఉన్నది. అది జీతం లెక్క. 2010లో మొదటి నంబరున వచ్చిన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్ళకు 7.8 కోట్ల డాలర్లు, అందులో 5 కోట్లు హామీ. అంతకు ముందు 2007లో ఓక్లండ్ తీసుకున్న జమార్కస్ రస్సెల్‌కు హామీ సొమ్మే 3 కోట్లు దాటింది. మూడు సీజన్లు తిరిగేసరికి జట్టు అతణ్ణి వదిలేసింది. 2011లో కార్మిక ఒప్పందం మారి కొత్త ఆటగాళ్ళ జీతాలకు పరిమితి వచ్చింది. ఆ ఏడు మొదటి నంబరున వచ్చిన న్యూటన్‌కు నాలుగేళ్ళకు దాదాపు 2.2 కోట్లు మాత్రమే. ఏడాది లెక్కన చూస్తే రేటు ఒక్క దెబ్బతో సగం కంటే తక్కువకు దిగిందన్నమాట. మరి ఆరితేరిన క్వార్టర్ బ్యాక్ ధరో? 2024లో డల్లాస్ డాక్ ప్రెస్కాట్‌కు ఏడాదికి 6 కోట్ల డాలర్ల లెక్కన రాసి ఇచ్చింది. 2025లో ఒక్కొక్క జట్టు మొత్తం జీతాల మీద ఉన్న కట్టడి 27.92 కోట్లు. ఒక్కడికే అందులో అయిదో వంతు పైన పోతే మిగిలిన యాభైమందిని ఏమి పెట్టి పోషిస్తారు? అందువల్ల జీతం తక్కువగా ఉండే మొదటి నాలుగేళ్ళలోనే కుర్రవాడు అక్కరకొస్తే ఆ మిగులుతో జట్టంతా బలపరచుకోవచ్చునన్నది లెక్క. 2023లో పర్డీ జీతభారం ఏడాదికి 10 లక్షల డాలర్లలోపే. శాన్ ఫ్రాన్సిస్కో ఫైనలు ఆడిన రహస్యంలో సగం అక్కడున్నది.

ఈ లెక్క బలంగా ఉన్నందువల్లనే గిరాకీ ఎగబడుతున్నది. 2024 డ్రాఫ్టులో మొదటి 12 స్థానాలలోనే ఆరుగురు క్వార్టర్ బ్యాకులు అమ్ముడుపోయారు. అట్లాంటా జట్టు ఆ మార్చిలోనే కర్క్ కజిన్స్‌కు నాలుగేళ్ళకు 18 కోట్ల డాలర్లు, అందులో 10 కోట్లు హామీతో రాసి ఇచ్చి, మరుసటి నెలలో 8వ నంబరు హక్కుతో మైకేల్ పెనిక్స్‌ను కూడా కొన్నది. రెండు గిడ్డంగులకు అద్దె కడుతున్నారని అప్పట్లో నవ్వినవాళ్ళున్నారు. డిసెంబరు వచ్చేసరికి కజిన్స్‌ను పక్కన కూర్చోబెట్టి పెనిక్స్‌ను దింపవలసివచ్చింది. తక్కువ ఖర్చుతో కూడిన ముందుజాగ్రత్త ఎలా ఉంటుందో వాషింగ్టన్ 2012లోనే చూపించింది. గ్రిఫిన్‌ను కొన్న డ్రాఫ్టులోనే నాలుగవ రౌండులో మరొక క్వార్టర్ బ్యాక్‌ను తీసుకున్నది. అతడు ఈ కజిన్సే. గ్రిఫిన్ పడిపోయిన తరువాత ఆ జట్టుకు అక్కరకొచ్చినవాడు అతడు. మూడు మొదటి రౌండు హక్కుల నష్టాన్ని కొంతయినా భర్తీ చేసినది ఒక్క నాలుగవ రౌండు హక్కు.

నా అంచనా చెప్పమంటే, తన నంబరు వచ్చినప్పుడు ఎదుట ఉన్న కుర్రవాణ్ణి తీసుకోవడం ఒక వ్యాపారం, మూడేళ్ళ హక్కులు రాసి ఇచ్చి మెట్లెక్కడం మరొక వ్యాపారం. మొదటిదానిలో పోయేది ఒక హక్కు, నాలుగేళ్ళ జీతం. రెండవదానిలో పోయేది గిడ్డంగే. 2017లో షికాగో ఒక్క మెట్టు, 3వ నంబరు నుంచి 2వ నంబరుకు ఎక్కడానికి రెండు మూడవ రౌండు హక్కులు, ఒక నాలుగవ రౌండు హక్కు ఇచ్చి ట్రుబిస్కీని కొన్నది. కదలకుండా కూర్చున్నా మహోమ్స్, వాట్సన్ ఇద్దరూ అందుబాటులోనే ఉండేవారు. అయితే కాన్సాస్ సిటీ కూడా మెట్లెక్కే మహోమ్స్‌ను తెచ్చుకున్నది గదా అనవచ్చు. నిజమే. కాని అది అప్పటికే గెలుస్తున్న జట్టు. వచ్చే ఏటి హక్కు రౌండు చివరన పడుతుందని ధైర్యంగా అనుకోగలిగిన జట్టు. అప్పుచీటీ మీద సంతకం పెట్టే స్తోమత దానికి ఉన్నది.

ఇక కొన్న తరువాత ఎప్పుడు తేల్చుకోవాలన్నది మిగిలింది. మొదటి రౌండు కుర్రవాడికి అయిదో ఏడు కూడా ముందే అనుకున్న రేటుకు ఉంచుకునే హక్కు జట్టుకు ఉంటుంది. ఆ మాట మూడో సీజను ముగిసిన వేసవిలోనే చెప్పివేయాలి. 2019లో 6వ నంబరున డేనియల్ జోన్స్‌ను తెచ్చుకున్న న్యూయార్క్ జెయింట్స్ 2022 వేసవిలో వద్దనుకున్నది. అనుకుంటే అయ్యే ఖర్చు 2.2 కోట్ల పైచిలుకు డాలర్లు. ఆ సీజనులోనే జోన్స్ జట్టును ప్లేఆఫ్ చేర్చాడు. 2023 మార్చిలో అతనికే నాలుగేళ్ళకు 16 కోట్లు రాసి ఇచ్చారు. 2024 నవంబరులో వదిలివేశారు.